తోట ప్లాను మీద అక్షరాలు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "నాకు రాయడం ఎక్కడొచ్చు, గీయడమే వచ్చు" అన్నాను. "అయితే దాని గురించే రాయి" అన్నారు. తీరా ఆలోచిస్తే, ముప్పై ఏళ్ళు దాటిన ఉద్యోగంలో నేను గీసినంత రాశాను కూడా. డ్రాయింగు షీటు మీద గీత గీయడం సగం పని. ఆ గీత ఏమిటో చెప్పే అక్షరం రాయడం మిగతా సగం. ఇంజనీర్లం దాన్ని లెటరింగ్ అంటాం. తోటలు, పార్కుల డ్రాయింగుల మీద ఆ లెటరింగ్ ఎలా మొదలై ఎలా మారుతూ వచ్చిందో ఇక్కడ చెబుతాను. చివర్లో నేను చేసిన తప్పు ఒకటి కూడా ఉంది. మన బడిలో నేర్చుకున్న పాఠం ఒకటి మరిచిపోవడం వల్ల జరిగిన తప్పు అది. దాన్ని చెప్పుకోవలసిన చోటు ఇదే అనిపించింది.

1980లలో చదివిన వాళ్ళందరికీ మన డ్రాయింగు మాస్టారు గుర్తుండే ఉంటారు. వార్షికోత్సవం బ్యానరు మొదలు బహుమతి పుస్తకాల మీద పేర్ల దాకా, బడిలో అందమైన అక్షరం ఎక్కడ కనిపించినా అది ఆయన చేతిదే. లోయర్ గ్రేడ్ డ్రాయింగు పరీక్షకు కట్టిన ఏడెనిమిది మందిని సాయంత్రం బడి వదిలాక కూర్చోబెట్టుకునేవారు. పరీక్షలో అడిగినా అడక్కపోయినా లెటరింగ్ నేర్పేవారు. ముందు పెన్సిలుతో రెండు లేత గీతలు గీయించేవారు. అక్షరం తల పై గీతకు తగలాలి, పాదం కింది గీతకు తగలాలి. ఒక రోజు నేను రాసిన 3 చూసి, "ఒరేయ్, దీని నోరు మూసేశావేంట్రా? దూరం నుంచి చూస్తే ఇది ఎనిమిది. మూడు ఎప్పుడూ నోరు తెరిచే ఉండాలి" అన్నారు. సుద్దముక్క తీసుకుని బల్ల మీదే పెద్ద 3 వేసి చూపించారు. అందరం నవ్వాం. 1986లో పదో తరగతి పాసై వెళ్ళిపోయాక ఆ మాట మరిచిపోయాను.

గుండ్రంగా ఉన్నదంతా చెట్టే

ఇంటి ప్లాను చూపిస్తే అక్షరం ముక్క లేకపోయినా మేస్త్రి చాలావరకు పోల్చుకుంటాడు. రెండు గీతల మధ్య గోడ, పావు వృత్తంలో తిరిగే తలుపు, నిచ్చెనలా కనిపించే మెట్లు. తోట ప్లాను అలా కాదు. పైనుంచి చూసినట్టు గీస్తాం కాబట్టి మామిడీ గుండ్రమే, వేపా గుండ్రమే, మర్రీ గుండ్రమే. ఒకటి పెద్ద వృత్తం, ఒకటి చిన్న వృత్తం, అంతే తేడా. ఈ వృత్తం ఏ చెట్టో, ఈ వంకర గీత కాలిబాటో, మురుగు కాల్వో, నేల ఎత్తు చూపే కాంటూరో చెప్పగలిగేది పక్కనున్న అక్షరం, అంకె. అది చదవలేకపోతే డ్రాయింగు అంతా సున్నాల ముగ్గే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గోడ తప్పు కడితే మర్నాడే కనిపిస్తుంది. మొక్క తప్పు నాటితే అది పెరిగి పెద్దదయ్యే దాకా చాలామందికి తెలియదు.

మఠం మడుల్లో మెంతి, జీలకర్ర

తోట ప్లాను మీద ప్రతి మడికీ పేరు రాసిపెట్టిన చాలా పాత పటం ఒకటి స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ మఠం గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. 9వ శతాబ్దం మొదటి భాగంలో, అంటే దాదాపు 1200 ఏళ్ళ కిందట తయారైంది. అయిదు తోలు ముక్కలు కలిపి కుట్టిన షీటు. పొడవు 112 సెంటీమీటర్లు, వెడల్పు 77 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే మా ఆఫీసుల్లో ఏ0 అనే పెద్ద షీటు కన్నా కాస్త చిన్నది. ఒక ఆదర్శ మఠం ఎలా ఉండాలో గీసి, గోజ్బర్ట్ అనే మఠాధిపతికి పంపిన పటం అది. దాని మీద లాటిన్‌లో మూడు వందలకు పైగా రాతలున్నాయి.

అందులో తోటల భాగం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కూరగాయల తోటలో పద్దెనిమిది మడులు గీసి, ఏ మడిలో ఏముండాలో ఆ మడిలోనే రాశారు. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ముల్లంగి, ఇలా. వైద్యుడి ఇంటి పక్కన మందు మొక్కల తోటలో పదహారు మడులు. వాటిలో మెంతి, జీలకర్ర, పుదీనా ఉన్నాయి. మన పోపుల పెట్టె ఒకటి ఆల్ప్స్ పర్వతాల దగ్గర తెరిచినట్టుంటుంది. పండ్ల చెట్లు సన్యాసుల శ్మశానంలో వేయాలని చూపించి, ఒక్కో చెట్టు బొమ్మ దగ్గర దాని పేరు రాశారు. పేరు వెతుక్కోవడానికి వేరే పట్టిక లేదు. చూపు ఎక్కడ ఆగితే అక్కడే జవాబు. తోట ప్లాను మీద రాసే పద్ధతుల్లో ఇంతకన్నా క్షేమమైనది నాకింకా తెలియదు.

ఒక్కరి కోసం రాసిన రాత, వందమంది కోసం రాసిన రాత

18వ శతాబ్దం చివర ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి ఉండేవాడు. జననం 1752, మరణం 1818. జమీందార్ల ఎస్టేట్లు ఎలా మార్చాలో చెప్పడానికి ఆయన ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం తయారుచేసి ఇచ్చేవాడు. ఎర్ర తోలు అట్ట వేయించడం వల్ల వాటికి రెడ్ బుక్స్ అని పేరొచ్చింది. నీటిరంగుల బొమ్మ మీద ఒక కాగితం మడత అతికించి ఉంటుంది. మడత వేసి ఉంటే ఎస్టేటు ఇప్పుడున్న రూపం. మడత ఎత్తితే రాబోయే రూపం. పక్కనే చేత్తో రాసిన వివరణ. ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా సాగే వయ్యారపు రాత. ఆ పుస్తకానికి ఉన్నది ఒకే ప్రతి, చదివేది ఒకే యజమాని, అదీ తన ఇంట్లో కూర్చుని. అక్కడ ఆ వయ్యారం చెల్లింది.

ఒకే డ్రాయింగు పది చోట్లకు వెళ్ళవలసి వచ్చినప్పుడు అది చెల్లలేదు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇనుము లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి నీలి రంగు ప్రతి తీసే పద్ధతి కనిపెట్టాడు. అదే బ్లూప్రింట్. 19వ శతాబ్దం చివరికి ఇంజనీర్ల ఆఫీసుల్లో అది మామూలు పనిముట్టయింది. వెలుతురు చొరబడే ట్రేసింగు గుడ్డ మీద నల్ల ఇంకుతో గీసి, దాని కింద ఆ కాగితం పెట్టి ఎండ చూపిస్తారు. ఇంకు ఉన్నచోట వెలుతురు ఆగిపోయి, కడిగాక తెల్ల గీత మిగులుతుంది. సన్నగా పోయిన గీతను వెలుతురు మింగేస్తుంది. లావూ సన్నం కలిసిన రాత ప్రింటులో సగం చెదిరిపోయేది. అన్నిచోట్లా ఒకే మందంగా ఉన్న రాత నిలబడేది.

ఆ కాలంలోనే అమెరికాలో ఇంజనీరింగ్ న్యూస్ పత్రికకు ముఖ్య చిత్రకారుడుగా పనిచేసిన చార్లెస్ రైన్‌హార్ట్ అనే ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌ల కోసం లెటరింగ్ పుస్తకం రాశాడు. ప్రతి అక్షరాన్నీ ఒకే మందం ఉన్న కొద్దిపాటి గీతలుగా విడగొట్టి, ఎవరైనా నేర్చుకునేలా చేశాడు. 1911లో థామస్ ఫ్రెంచ్ రాసిన ఇంజనీరింగ్ డ్రాయింగు పుస్తకం ఈ పద్ధతిని కాలేజీల్లో స్థిరపరిచింది. ఏ గీత ముందు, ఏది తర్వాత, చెయ్యి ఏ వైపు కదలాలి, అన్నీ బాణం గుర్తులతో చూపించారు. ఈ సింగిల్ స్ట్రోక్ లెటరింగే సముద్రాలు దాటి మన పాలిటెక్నిక్‌లకు, ఇంజనీరింగ్ కాలేజీలకు వచ్చింది. ఎన్.డి. భట్ డ్రాయింగు పుస్తకం ముందేసుకుని మొదటి షీటంతా ఏ బీ సీ డీలు రాసిన రోజులు నా ఈడు ఇంజనీర్లెవరూ మరిచిపోరు. "ఎల్కేజీలో రాసినవే కదండీ" అని హాస్టల్లో నవ్వుకునేవాళ్ళం.

పేరు రాయాలా, నంబరు వేయాలా

తోటల డ్రాయింగులకు మామూలు ఇంజనీరింగ్ డ్రాయింగులకు లేని ఒక సమస్య ఉంది. మొక్కల పేర్లు పొడుగు. వృత్తాలు చిన్నవి. లిన్నేయస్ 1753లో స్పీసీస్ ప్లాంటారమ్ పుస్తకంతో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు స్థిరపరచక ముందు, శాస్త్రీయ నామం అంటే ఒక పొడుగాటి లాటిన్ వర్ణన. రెండు మాటలకు కుదించాక కూడా పొగడ చెట్టుకు మిముసాప్స్ ఎలెంగి అని ఒక చిన్న సున్నాలో రాయడం కష్టమే.

దీనికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఇంగ్లండులో గెర్ట్రూడ్ జెకిల్ (1843–1932) పూలమొక్కలను గుంపులు గుంపులుగా, మేఘాల్లా సాగే ఆకారాల్లో నాటించేది. న్యూఢిల్లీ రాష్ట్రపతి భవనానికి రూపకల్పన చేసిన లుటియెన్స్‌తో కలిసి ఎన్నో తోటలు చేసింది. ఆమెకు చూపు బాగా తక్కువ. అయినా ఒక్కో ఆకారం లోపలే మొక్క పేరు తన చేతిరాతతో రాసేది. సెయింట్ గాల్ మడుల పద్ధతే ఇది. ఆమె ప్లానుల్లో చాలా భాగం ఇప్పుడు అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం భద్రపరిచింది.

రెండో దారి పెద్ద ఆఫీసులది. న్యూయార్కు సెంట్రల్ పార్కుకు 1858లో కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి రూపకల్పన చేసిన ఫ్రెడరిక్ లా ఒల్మ్‌స్టెడ్, తర్వాతి రోజుల్లో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో ఆఫీసు పెట్టాడు. ఆయన తర్వాత కొడుకులు దాన్ని నడిపారు. ఆ ఒక్క ఆఫీసు డ్రాయింగులే లక్షకు పైగా నేటికీ భద్రంగా ఉన్నాయి. అంత పని చేసేచోట ప్రతి వృత్తంలోనూ పేరు రాస్తూ కూర్చుంటే సాగదు. ప్లాను మీద నంబర్లు వేసి, ఏ నంబరు ఏ మొక్కో వేరే పట్టికలో రాసేవారు. స్థలం కలిసొస్తుంది, సమయం కలిసొస్తుంది. మొక్క మార్చాలంటే పట్టికలో ఒక్క వరుస మారిస్తే చాలు. మేము నేర్చుకున్నదీ, మనదేశంలో ఎక్కువ ఆఫీసులు వాడేదీ ఈ నంబర్ల పద్ధతే.

దీనిలో ఉన్న ప్రమాదం ఒకటే. పేరు రాస్తే ఒక అక్షరం చెదిరినా మిగతా అక్షరాలు ఆదుకుంటాయి. "పొగ" వరకు కనిపించినా పొగడ అని పోల్చుకుంటాం. నంబరు అలా కాదు. ఒక్క అంకె చెదిరితే చెట్టే మారిపోతుంది.

పెన్ను, స్టెన్సిల్, కంప్యూటర్

20వ శతాబ్దంలో చేతివాటం తేడాలు లేకుండా చేయడానికి పనిముట్లు వచ్చాయి. 1930ల నాటికి అమెరికాలో కాయ్‌ఫెల్ అండ్ ఎస్సర్ కంపెనీ లెరాయ్ అనే పరికరం అమ్మింది. పట్టీలో అక్షరాల ఆకారంలో గాడులుంటాయి. స్క్రైబర్ కాలు ఆ గాడిలో నడుస్తుంటే, ఇంకో కొసనున్న పెన్ను షీటు మీద అదే అక్షరం రాస్తుంది. 1953లో జర్మనీలోని రోట్రింగ్ కంపెనీ రాపిడోగ్రాఫ్ పెన్ను తెచ్చింది. గొట్టంలాంటి మొన ఉండడం వల్ల ఎటు తిప్పినా గీత మందం మారదు. 1960లలో లెట్రాసెట్ షీట్లు వచ్చాయి. షీటు మీద పెట్టి రుద్దితే అక్షరం అతుక్కునేది. తోటల డ్రాయింగుల కోసం చెట్ల బొమ్మలు కూడా అలా రుద్దుకునేవారు.

1974లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 3098 పేరుతో డ్రాయింగు అక్షరాలకు కొలతలు పెట్టింది. మన దేశంలో ఐఎస్ 9609 దానికి సమానం. విద్యార్థుల కోసం ఎస్పీ 46 అనే పుస్తకం 1988లో వచ్చింది. అందులో అక్షరాల ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ఈ అంకెలు చూసి కాలేజీలో "ఇవేం లెక్కలు" అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఒక్కో ఎత్తూ ముందుదానికి రెండు వర్గమూలం రెట్లు, అంటే సుమారు 1.4 రెట్లు. కాగితం సైజులు ఏ1, ఏ2, ఏ3 కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఏ1 షీటును ఏ2కు తగ్గిస్తే 3.5 అక్షరం సరిగ్గా 2.5 అవుతుంది. ఏ3కు తగ్గిస్తే ప్రతిదీ సగమవుతుంది. గీత మందం అక్షరం ఎత్తులో పదో వంతు ఉండాలి. 3.5 అక్షరానికి 0.35 పెన్ను, దాని మీద పసుపు పట్టీ. 2.5 అక్షరానికి 0.25 పెన్ను, తెల్ల పట్టీ. అక్షరం తగ్గినా లోపలి ఖాళీలు పూడిపోకూడదని ఈ లెక్కంతా.

ఇక కంప్యూటర్ సంగతి. 1982లో వచ్చిన ఆటోకాడ్‌లో మొదట్లో వాడిన అక్షరాలు చూసి ముసలి డ్రాఫ్ట్స్‌మన్‌లు పుల్లలు పేర్చినట్టున్నాయని నవ్వేవారు. కానీ ప్లాటర్‌లో నిజం పెన్ను కదులుతూ రాయాలి కాబట్టి, అవి కూడా ఒకే గీత దారిలో నడిచే సింగిల్ స్ట్రోక్ అక్షరాలే. బ్లూప్రింట్ నేర్పిన పాఠాన్నే యంత్రం మళ్ళీ నేర్చుకుంది. ఇంకో తమాషా. ఫ్రాన్సిస్ చింగ్ అనే ఆర్కిటెక్ట్ 1975లో ఆర్కిటెక్చరల్ గ్రాఫిక్స్ అనే పుస్తకాన్ని అక్షరం అక్షరం చేత్తో రాసి అచ్చు వేయించాడు. ఆ చేతిరాత ఆధారంగా 1989లో అడోబ్ కంపెనీకి డేవిడ్ సీగెల్ టెక్టన్ అనే ఫాంట్ చేశాడు. చేతిరాత పోయిందని బాధపడేవాళ్ళ కోసం కంప్యూటరే చేతిరాతలా రాయడం మొదలుపెట్టింది.

నా మూడు

ఇప్పుడు నా సంగతి. 1995లో నేనొక డిజైన్ ఆఫీసులో చిన్న ఇంజనీరుని. ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌కు మొక్కల ప్లాను ఏ1 షీటు మీద గీయాలి. మర్నాడు పొద్దున్నే పంపాలి. తోట పని చూసే మేస్త్రికి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. అందుకే నంబర్ల పద్ధతి పెట్టాం. 3 అంటే పొగడ. 8 అంటే నిద్రగన్నేరు. తూర్పు ప్రహరీ వెంట వరుసగా అయిదు పొగడ చెట్లు. నిద్రగన్నేర్లు ఆరు, ఆటస్థలం చుట్టూ. పొగడ నెమ్మదిగా, ఒబ్బిడిగా పెరిగే చెట్టు. నిద్రగన్నేరు గొడుగులా విస్తరించే మహావృక్షం. దాన్ని ఎవరూ గోడ పక్కన వేయరు.

రాత్రి పదకొండు దాటాక నా 0.25 పెన్ను మూసుకుపోయింది. విదిలించాను, నీళ్ళలో కడిగాను, రాలేదు. పక్కనున్న 0.35 తీసుకుని 2.5 మిల్లీమీటర్ల అంకెలు స్టెన్సిల్ లేకుండా చేత్తో రాసేశాను. షీటు మీద చూస్తే బాగానే ఉంది. పొద్దున్న దాన్ని ఏ3కు తగ్గించి జిరాక్సు తీసి సైటుకు పంపారు. 2.5 కాస్తా 1.25 అయింది. లావు గీతల మధ్య ఉన్న కొంచెం ఖాళీని జిరాక్సు నలుపు పూడ్చేసింది. ఆ కాగితం మీద నా మూళ్ళు నోరు మూసుకున్నాయి.

2003లో వేరే పని మీద అటు వెళ్ళాను. తూర్పు ప్రహరీ వెంట అయిదు నిద్రగన్నేర్లు, కాండాలు రెండు చేతులకూ అందనంత. వేళ్ళు గోడను పైకెత్తి రెండుచోట్ల నిలువునా చీల్చేశాయి. కొట్టేయాలని అప్పటికే నిర్ణయమైపోయింది. "ఆ ముసలాయన ఏ మొక్క ఎక్కడ పెట్టాలో తెలియకుండా పెట్టాడండీ" అన్నారు అక్కడివాళ్ళు. నేను ఏమీ అనలేదు. ఆఫీసుకు తిరిగొచ్చాక పాత డ్రాయింగుల బీరువాలోంచి ఆ షీటూ, ఏ3 నకలూ తీయించి పక్కపక్కన పెట్టుకుని చూశాను. తప్పు ఎవరిదో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేకపోయింది. అయినా ఆ రోజూ ఎవరికీ చెప్పలేదు. ఆ మౌనం నాకు చెట్లు కొట్టేయడం కన్నా ఎక్కువ కాలం గుచ్చుకుంది.

ఆరు నెలల తర్వాత ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. నకలు చూపించి జరిగింది చెప్పాను. ఆయన కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "నాకప్పుడే అనుమానం వచ్చింది సార్. గోడవారన ఇంత చెట్టేంటని. పట్టికలో ఎనిమిదో నంబరు ఆరే ఉన్నాయి. చాలకపోతే ఇంకో అయిదు నర్సరీ నుంచి తెప్పించి నాటా. పెద్దోళ్ళు కాగితం మీద రాశారు కదా, వాళ్ళకి తెలీదా అనుకున్నా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. టీ తాగి వెళ్ళమన్నారు.

నలభై ఏళ్ళు చెట్లతో బతికిన మనిషి, తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి నా అంకెను నమ్మాడు. పట్టికలో లెక్క కలవకపోయినా నమ్మాడు. ఆ మర్నాడు మా మేనేజర్‌కు, టౌన్‌షిప్ వాళ్ళకు విషయమంతా ఉత్తరం రాసి, రెండు ప్రతులూ జతచేశాను. అప్పటికి ఆ చెట్లు లేవు. ఆయన మీద పడిన మాటను మాత్రం కాగితం మీదైనా తుడిచాను.

తర్వాత మా ఆఫీసులో మూడు అలవాట్లు పెట్టుకున్నాం. ఒకటి, ఏ1 మీద 3.5 కన్నా చిన్న అక్షరం లేదు. రెండు, మొక్కల ప్లానులో నంబరుతో పాటు చిన్న పేరు కూడా రాయాలి. మూడు, పంపే ముందు సగానికి తగ్గించిన నకలు తీసి, ఆ పని తెలియని ఒకరి చేత పైకి చదివించాలి. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ మూడోది మానలేదు. తెర మీద పెద్దది చేసుకుని చూసేవాడికి అక్షరం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు సైట్లో సెల్‌ఫోన్‌లో చూస్తున్నారు. ఆ తెర ఏ3 కన్నా చాలా చిన్నది.

తెలుగులో రాస్తే

మన నేల మీద మొక్కలను ఇక్కడి పేర్లతో రాసిపెట్టిన చరిత్ర కూడా చిన్నది కాదు. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో పన్నెండు సంపుటాలుగా అచ్చయిన హోర్టస్ మలబారికస్ బొమ్మల మీద మొక్కల పేర్లు రోమన్ లిపితో పాటు మలయాళం, అరబిక్, నాగరి లిపుల్లోనూ చెక్కారు. పొగడ శాస్త్రీయ నామంలోని ఎలెంగి అనే మాట మలయాళం నుంచి వచ్చిందే. మన సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో తెలింగ పేర్లు కూడా ఇచ్చాడు. మొక్క దగ్గర బతికే మనిషి దాన్ని ఏమని పిలుస్తాడో రాయకపోతే శాస్త్రం పూర్తికాదని వాళ్ళకు తెలుసు. మా ప్లానుల మీద మాత్రం తెలుగు పేరు ఉండేది కాదు.

ఆ ముసలాయన ఇంటి నుంచి వచ్చాక మొక్కల ప్లానులు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. అనుకున్నంత సులువు కాదు. ఇంగ్లీషు పెద్దబడికి రెండు గీతలు చాలు. తెలుగుకు అక్షరం ఒంటికి రెండు, పైన గుడికి ఒకటి, కింద ఒత్తుకు ఒకటి, మొత్తం నాలుగు గీతలు కావాలి. వరుసల మధ్య ఎడం ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ద, ధ ల మధ్య తేడా కింద ఒక చిన్న గీతే. థ అయితే పొట్టలో చుక్క కూడా. ప, ఫ లదీ అదే కథ. తగ్గించిన నకలులో ముందు మాయమయ్యేవి ఇవే. కాబట్టి తెలుగు అక్షరం 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పెన్ను పదో వంతు కన్నా సన్నగా పెట్టుకుని రాస్తాను. పేరు కుదించను. "పొ" అని వదిలేస్తే పొగడో పొన్నో తెలియదు.

ఈ స్వర్ణోత్సవం గుర్తుగా మన బడి ఆవరణలో చెట్లు నాటాలని సంఘం అనుకున్నప్పుడు, ప్లాను గీసే పని నాకు అప్పగించారు. షీటు తయారైంది. కంప్యూటర్‌లో చేయలేదు, చేత్తోనే గీసి చేత్తోనే రాశాను. నంబర్లు వేయలేదు. ప్రతి వృత్తం దగ్గరా వేప, కానుగ, పొన్న అని తెలుగులో పేరుంది. తూర్పు గోడ వెంట పొగడలు. గోడకు ఎడం 3 మీటర్లు అని రాసినచోట, ఆ మూడును రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను.

నకలు ఒకటి హెడ్మాస్టరు గారి గదిలో ఉంది. మొక్కలు నాటే రోజుకు వచ్చేవాళ్ళు ముందుగా దాన్ని ఒకసారి పైకి చదవండి. ఎక్కడైనా తడబడితే నాకు చెప్పండి. గుంటలు తవ్వకముందే దిద్దుతాను.